ముందు కూర్చోమనండి

క్రిస్మస్ వెళ్ళింది మొదలు శ్రమదినాలు ప్రారంభమయ్యే లోపల మన సంఘాలలో పెండ్లిండ్లు ఎక్కువ. అందువలన నవంబరు నుండే సికింద్రాబాదు నుండి, మెదక్ వైపు నుండి, ఇంకా దూరం నుండి కూడ మన కుటుంబాలు లాడ్ బజారుకు బయలుదేరుతాయి. చార్మినారు దగ్గర దిగి పడమటి వైపు నడిస్తే చాలు, వీధికి రెండు ప్రక్కల గాజుల దుకాణాలే. లాడ్ అంటే లక్క అని కొందరంటారు, గారాబం అని మరికొందరంటారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. అయితే ఈ నెల మేము ఆ వీధిని గూర్చి వ్రాయడం గాజుల కొరకు కాదు, అక్కడి దుకాణదారు నోట మొదట వచ్చే మాట కొరకు.

ఆ మాట ధర కాదు, సరుకు పేరు కాదు. "బైఠియే అమ్మా" అంటాడు. తెలుగువారని కనిపెడితే "కూర్చో అమ్మా" అంటాడు. గుడ్డతో స్టూలు తుడిచి ముందుకు జరుపుతాడు. మీరు కూర్చున్న తరువాతనే డబ్బాలు తెరుచుకుంటాయి. రెండు నాలుగా, రెండు ఆరా అని సైజు అడుగుతాడు. రెండు నాలుగు అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు. అలవాటైన కన్ను గనుక చెయ్యి చూడగానే తెలిసిపోతుంది, అడగడం మర్యాద కొరకే. గాజు బిగుతుగా ఉంటే మీ చెయ్యిని తప్పు పట్టడు, ఇంకొక సైజు తీస్తాడు. లక్క గాజు అయితే నిప్పు మీద కొంచెం వెచ్చబెట్టి సరి చేసి ఇచ్చేవారు కూడ ఉన్నారు. ఎందుకంటే లక్క వెచ్చబడితే ఎటు వంచినా వంగుతుంది, చల్లారితే విరుగుతుంది గాని వంగదు. అద్దం ముక్కలు, రంగు రాళ్ళు కూడ లక్క వేడి మీద ఉండగానే ఒక్కొక్కటిగా అద్దాలి. చల్లారిన దాని మీద ఎంత నొక్కినా రాయి నిలవదు.

ఇంతవరకు చదివి, అయితే లాడ్ బజారును చూసి సంఘం నేర్చుకోవాలని చెప్తారు కాబోలు అని మీరు అనుకోవచ్చు. అంత తేలికగా మేము చెప్పలేము. బజారులో వేసే స్టూలు కొనేవారి కొరకు. ఏమీ కొనకుండ రోజూ వెళ్ళి కూర్చుంటే నాలుగో రోజున ఆ స్టూలు ఉండదు, అందుకు దుకాణదారుని తప్పు పట్టే పని లేదు, అది అతని జీవనోపాధి. అంతకంటె బాధ కలిగించే విషయం మరొకటి ఉన్నది. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల పనిశాలల నుండి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లలను విడిపించారు. ఎక్కువ మంది బీహారు నుండి తెచ్చినవారు. గాలి వెలుతురు లేని గదులలో, లక్క పొగలో, తెల్లవారింది మొదలు రాత్రి వరకు రాళ్ళు అద్దిన చేతులవి. ముందు గదిలో కొనేవారికి కూర్చోమనే మాట, వెనుక గదిలో పరాయి ఊరి బిడ్డకు నిప్పుల సెగ. ఒకే వ్యాపారంలో రెండూ ఉన్నవి.

యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో వ్రాసినది సరిగ్గా ఈ కుర్చీ సంగతే. బంగారు ఉంగరము పెట్టుకొని ప్రశస్త వస్త్రములు ధరించినవాడు సమాజమందిరములోనికి వస్తే అతనికి మంచి స్థలము, మాసిన బట్టల దరిద్రునికి ప్రక్కన నిలుచునే చోటు, లేదా పాదపీఠము దగ్గర నేల. యాకోబు ఇది బజారు గూర్చి వ్రాయలేదు, సంఘము గూర్చి వ్రాశాడు. మొదటి శతాబ్దములోనే ఈ మాట వ్రాయవలసి వచ్చిందంటే ఈ జబ్బు మనకు క్రొత్తగా వచ్చినది కాదు.

మన ఆరాధనలలో ఒక అలవాటు చూడండి. ప్రకటనల సమయంలో "క్రొత్తగా వచ్చినవారు దయచేసి లేచి నిలబడండి" అంటాము. వారు నిలబడతారు, మనమందరము కూర్చొని తల త్రిప్పి చూస్తాము. పేరేమిటి, ఏ ఊరు, ఏ సంఘము నుండి వచ్చారు, ఎవరి తాలూకు అని మైకులో అడుగుతాము. చప్పట్లు కొడతాము. కూర్చోమంటాము. ఆరాధన ముగిసిన తరువాత ఆ మనిషి చెప్పులు వేసుకొని గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి, ఎవరూ దగ్గరకు రాక, వెళ్ళిపోతాడు. మన వాళ్ళు మంచివారే. అయితే ఎవరి గుంపు వారికి ఉన్నది. గాయక బృందం వారు ఒక చెట్టు క్రింద, కమిటీ పెద్దలు వెస్ట్రీ గుమ్మం దగ్గర, ఒకే ఊరి నుండి వచ్చినవారు, చెప్పుకోవడానికి సిగ్గే గాని ఒకే కులం వారు, ఇంకొక చోట. లాడ్ బజారులో క్రొత్తగా వచ్చినవారిని కూర్చోబెట్టి ఇంటివాడు నిలబడతాడు. మనం కూర్చొని క్రొత్తవారిని నిలబెడుతున్నాము. "ఎవరి తాలూకు" అనే ప్రశ్నలో కులము దాగి ఉన్నదని అడిగేవారికి తెలుసు, అడిగించుకొనేవారికి ఇంకా బాగా తెలుసు.

గాజుల మాట ఎత్తాము గనుక మరి రెండు సంగతులు చెప్పకుండ ఉండలేము. ఆభరణములు విడిచిపెట్టవలెనని బోధించే సంఘాలున్నాయి, పెట్టుకొనవచ్చుననే సంఘాలున్నాయి. ఆ వాదములోనికి మేము పోము. అయితే ఒక స్త్రీ మొదటిసారి ప్రార్థనకు వచ్చిన దినముననే ఆమె ముఖము చూడక ముందు ముంజేతులు చూడడము, రెండవ వారమే "అమ్మా, ఇవి తీసేయాలి" అని చెప్పడము మేము ఎరుగుదుము. ఆమె ఇంటిలో ఎంత ఎదిరించి వచ్చిందో, ఆ గాజులు తీసి ఇంటికి వెళ్తే అత్తగారు ఏమంటారో ఎవరూ అడగరు. గాజు చిన్నదైతే దుకాణదారు గాజును మార్చాడు గాని చెయ్యి కోయలేదు గదా!

రెండవది పెండ్లి గాజుల దగ్గర జరిగేది. పెండ్లి కుమార్తెకు గాజులు తొడిగేటప్పుడు భర్త పోయిన సహోదరిని మెల్లగా వెనుకకు జరపడము మన క్రైస్తవ కుటుంబాలలో కూడ పూర్తిగా పోలేదు. నోటితో ఎవరూ అనరు. "అక్కా, నీవు లోపల వంట చూడు" అంటారు. ఆమెకు అర్థమవుతుంది. ఆదివారము ఆమె ప్రక్కన కూర్చొని బల్లలో పాలు తీసుకొన్నవారే సోమవారము ఆమె చెయ్యి పెండ్లి పళ్ళెం తాకకుండ చూస్తారు. దీనిని ఆచారము అనవచ్చును, సంఘము అనలేము. పెండ్లి కుమార్తె మేనత్త విధవరాలైతే మొదటి గాజు ఆమె చేతనే తొడిగించండి. గాజు విరగదు, పెండ్లి చెడదు. చుట్టాలలో ఒకరిద్దరు ముఖం ముడుచుకుంటారు, భోజనాల వేళకు అదీ సర్దుకుంటుంది.

లాడ్ బజారు ఏ నిజాము రాజధానిలో ఉండేదో ఆ నిజాము రాజ్యములోనే, తూర్పున, దోర్నకల్లు ఉన్నది. 1909లో తిరునల్వేలి నుండి వేదనాయకం సామ్యేల్ అజరయ్య అనే తమిళుడు అక్కడకు వచ్చారు. భాష తనది కాదు, నేల తనది కాదు. తెలుగు నేర్చుకొని తెలుగు పల్లెలలో సేవ మొదలుపెట్టారు. మరుసటి సంవత్సరము, 1910 జూనులో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులు, వారిలో ఆసియావారు బహు కొద్దిమంది. ఆ సభలో అజరయ్యగారు లేచి, మిషనరీల త్యాగమును, వారు ఇచ్చిన ధనమును, ప్రాణమును ఒప్పుకొంటూనే, భారతీయ సేవకులను వారు సమానులుగా చూడడం లేదని చెప్పారు. పై అధికారికి, క్రింది ఉద్యోగికి ఉండే సంబంధము తప్ప ఇంటికి పిలిచి భోజనము పెట్టే చనువు అరుదని చెప్పారు. మాకు స్నేహితులు కావాలని అడిగారు. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్ళు కూడ నిండలేదు. సభలో కొందరికి ఆ మాట గట్టిగా తగిలింది, నొచ్చుకొన్నవారు కూడ ఉన్నారు. 1912 డిసెంబరులో ఆయన దోర్నకల్లు బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు కావడము అదే మొదలు.

ఆ దోర్నకల్లు దేవాలయము చూసినవారికి తెలుసు. 1939లో ప్రతిష్ఠించిన ఆ కట్టడములో గుమ్మటాలను చూస్తే మసీదు గుర్తుకు వస్తుంది, స్తంభాలను చూస్తే గుడి గుర్తుకు వస్తుంది, శిలువ ఎటూ ఉన్నది. లోపలికి వచ్చేవాడు ఇది పరాయి ఇల్లు అనుకోకూడదని దాని భావము.

అజరయ్యగారి మాటను మనం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాము, తెల్లవారి ముఖం మీద మనవాడు చెప్పాడని. మంచిదే. అయితే ఆ తెల్లవారు ఎప్పుడో వెళ్ళిపోయారు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. బంగళాలు మనవే, కమిటీలు మనవే, కుర్చీలు మనవే. ఇప్పుడు "మాకు స్నేహితులు కావాలి" అని ఎవరైనా లేచి అంటే ఎవరిని ఉద్దేశించి అంటారు? ఒడిషా నుండి, జార్ఖండు నుండి వచ్చి మన ఆసుపత్రులలో నర్సు పని చేసే అమ్మాయిలు తెలుగు ఆరాధనలో వెనుక వరుసలో కూర్చొని, సగము అర్థమై సగము అర్థం కాక వెళ్తున్నారు. (లక్క ఎక్కువగా వచ్చేది కూడ ఆ జార్ఖండు అడవుల నుండే.) పల్లెలో కరువు వచ్చి నగరానికి చేరి, కట్టడాల దగ్గర కాపలా ఉండే కుటుంబాలున్నాయి. వారి పల్లెలో వారే సంఘ పెద్దలు. ఇక్కడ వారిని కుర్చీలు సర్దడానికి పిలుస్తున్నాము.

ఒక అభ్యంతరము మాకు తరచుగా వినిపిస్తుంది. అందరినీ చేరదీస్తే మోసగాళ్ళు కూడ వస్తారు, అప్పులు అడిగి పోతారు, ఆడపిల్లలున్న ఇండ్లు అని. ఇది కొట్టివేయవలసిన మాట కాదు. యెరూషలేములోని శిష్యులు సౌలును చూసి భయపడ్డారు, వారి భయానికి కారణమున్నది, అతడు నిన్న మొన్నటి వరకు ఇండ్లలో జొరబడి విశ్వాసులను చెరసాలకు పంపినవాడే. బర్నబా ఏమి చేశాడు? భయపడవద్దని ప్రసంగము చేయలేదు. తానే సౌలును వెంటబెట్టుకొని అపొస్తలుల దగ్గరకు తీసుకొనిపోయి, అతనికి జరిగినదంతా వివరించాడు. ఒక విధముగా పూచీ పడ్డాడు. సంఘమంతా ఒకేసారి ఒక క్రొత్త మనిషిని నమ్మలేదు, ఒక్కడు నమ్మి మిగిలినవారికి చెప్పాలి. కనుక ఆహ్వాన కమిటీ అని ఐదుగురి పేర్లు నోటీసు బోర్డు మీద వ్రాయడము కంటె, ఒక్కొక్క క్రొత్త కుటుంబానికి ఒక్కొక్క పాత కుటుంబము బర్నబాగా ఉండడము మేలని మా అభిప్రాయము. డబ్బు ఇవ్వనక్కరలేదు. ఆదివారము మధ్యాహ్నము పప్పుచారు, వేపుడు ఉన్న ఇంట మరి ఇద్దరికి కూడ అన్నము ఉంటుంది. ఫిలిప్పీలో ఊదా రంగు పొడి అమ్ముకొనే లూదియ బాప్తిస్మము పొందిన వెంటనే చేసిన మొదటి పని పౌలు బృందమును బలవంతపెట్టి ఇంటికి తీసుకొనిపోవడమే. ఆమె కూడ బజారు మనిషే!

ఇక క్రిస్మస్ దగ్గరపడింది, క్యారల్ రౌండ్లకు జాబితాలు తయారవుతుంటాయి. చాల సంఘాలలో ఆ జాబితా చందా రిజిస్టరు చూసి వ్రాస్తారు. చందా కట్టనివారు, క్రొత్తగా వచ్చినవారు, అద్దె గదులలో ఉండేవారు, హాస్టలు పిల్లలు అందులో ఉండరు. పాట వారి వీధి మొదటి దాక వచ్చి, పెద్ద ఇంటి దగ్గర టీ త్రాగి, మలుపు తిరిగి పోతుంది. ఈ సారి జాబితా వ్రాసేవారు రిజిస్టరు తెరవక ముందు గేటు దగ్గర ఉండే వాచ్‌మన్‌ను అడగండి. జూను నుండి క్రొత్తగా ఎవరెవరు వస్తున్నారో, వెనుక వరుసలో కూర్చొని ముందుగా వెళ్ళిపోయేవారు ఎవరో అతనికి తెలుసు. వారిలో ఎక్కువమంది మూడో అంతస్తు గదులలో ఉంటారు. గిటారు, డోలక్ మోసేవారికి మెట్లెక్కడము కష్టమే, గది కూడ ఇరుకు, అందరూ పట్టరు. నలుగురు లోపలికి వెళ్ళి కూర్చోండి, మిగిలినవారు మెట్ల మీద నిలబడి పాడవచ్చును.