నాన్న మీద కసి, దేశం మీద చట్టం

ఏ నియంత జీవితచరిత్ర తెరిచినా మొదటి అధ్యాయంలోనే ఒక తండ్రి ఎదురవుతాడు. హిట్లర్ తండ్రి కొట్టేవాడు, స్టాలిన్ తండ్రి తాగొచ్చి మరీ కొట్టేవాడు. అది చదివాక ఆ పిల్లవాడు పెద్దయి అలా ఎందుకు తయారయ్యాడో తెలిసిపోయిందనుకుంటాం. అంతర్యుద్ధం గెలిచి 1975లో చనిపోయేదాకా స్పెయిన్‌ను గుప్పిట్లో పెట్టుకున్న ఫ్రాన్సిస్కో ఫ్రాంకో విషయంలో ఈ లెక్క సగమే కుదురుతుంది. తండ్రి ఆయన మీద వేసిన ముద్ర బలమైనదే. అయితే ఎవరిని ద్వేషించాలో ఆ ఇల్లు నేర్పి ఉండొచ్చు గానీ, ద్వేషించినవాళ్లను జైల్లో పెట్టే అధికారం మాత్రం బయటివాళ్లు కట్టబెట్టిందే.

ఫ్రాంకో 1892లో వాయవ్య స్పెయిన్‌లోని నౌకాదళ రేవు ఎల్ ఫెర్రోల్‌లో పుట్టాడు. తండ్రి నికొలాస్ నౌకాదళంలో జీతాలు, ఖాతాలు చూసే అధికారి. కోపిష్టి, విలాసపురుషుడు. చర్చి అంటే చులకన, ఉదారవాదులన్నా, ఫ్రీమేసన్లనే రహస్య సోదరసంఘం వాళ్లన్నా సానుభూతి. తల్లి పిలార్ ప్రార్థనలు తప్పని కాథలిక్. 1907లో మాడ్రిడ్‌కు బదిలీ అయిన నికొలాస్ మళ్లీ ఆ ఇంటికి కాపురానికి రాలేదు. అక్కడే మరో స్త్రీతో సంసారం పెట్టాడు. 1898లో అమెరికా చేతిలో స్పెయిన్ నౌకాదళం చితికిపోయింది. కొత్తవాళ్లను చేర్చుకోవడమే ఆగిపోవడంతో, నావికుడు కావాల్సిన పద్నాలుగేళ్ల ఫ్రాన్సిస్కో ఆ 1907లోనే టొలీడో పదాతిదళ అకాడమీలో చేరాడు.

ఆ తండ్రిని కొడుకు ఏం చేశాడో చూడాలంటే ‘రాసా’ సినిమా చూడాలి. హైమే దె అంద్రాదె అనే మారుపేరుతో దాని కథ రాసింది సాక్షాత్తూ దేశాధినేతే. అందులో తండ్రి నౌకాదళ కెప్టెన్. 1898 యుద్ధంలో ఓడతోపాటు వీరమరణం పొందుతాడు. తల్లి భక్తురాలు. ఒక కొడుకు దేశం కోసం ప్రాణాలకు తెగించే సైనికుడు, మరొకడు దారితప్పిన రిపబ్లికన్. ఖాతాలు చూసిన తండ్రికి బదులు ఫిరంగుల మధ్య నిలిచిన వీరుడు, ఇల్లు విడిచిపోయినవాడికి బదులు అమరుడు వచ్చి కూర్చున్నారు. సినిమా విడుదలైన 1942లోనే అసలు తండ్రి మాడ్రిడ్‌లో కన్నుమూశాడు. ఏళ్ల తరబడి ఆయనతో కలిసి బతికిన స్త్రీని అంత్యక్రియలకు రానివ్వలేదు.

తెర మీద జరిగిందే చట్టంలోనూ జరిగింది. అంతర్యుద్ధంలో ఫ్రాంకో ఓడించిన రిపబ్లిక్ ప్రభుత్వం 1932లో తెచ్చిన విడాకుల చట్టాన్ని 1939లో రద్దు చేశారు. 1940 మార్చిలో ఫ్రీమేసన్రీని, కమ్యూనిజాన్ని ఒకే గాటన కట్టి నేరంగా ప్రకటించారు. అంతటితోనూ తనివి తీరక ఫ్రాంకో హకిన్ బోర్ అనే మరో మారుపేరుతో పత్రికలో ఫ్రీమేసన్ల మీద వ్యాసాలు రాశాడు. 1975 అక్టోబరులో, చావుకు కొన్ని వారాల ముందు చేసిన చివరి బహిరంగ ప్రసంగంలో కూడా ఫ్రీమేసన్ల కుట్ర గురించే మాట్లాడాడు.

ఇదంతా తండ్రి వేసిన ముద్రేనంటే రెండు అభ్యంతరాలు రావచ్చు, రెండూ కొట్టిపారేయదగ్గవి కావు. స్పెయిన్ మితవాదులందరికీ ఫ్రీమేసన్లంటే పడేది కాదు కదా, ఇందులో తండ్రి ప్రమేయమేమిటన్నది మొదటిది. నిజమే, ఆ ద్వేషం ఆనాటి చర్చిలో, సైనిక భోజనశాలల్లో ఊరికే దొరికేది. నికొలాస్ లేకపోయినా ఫ్రాంకోకు అది అంటుకునేదే. కానీ దేశాన్ని ఏలే మనిషి పని మానుకుని మారుపేర్లతో కథలూ వ్యాసాలూ రాసేంత పట్టుదల ఆ వాతావరణంలో ఉన్న అందరికీ రాలేదు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: తమ్ముడు రమోన్ కూడా ఆ ఇంట్లోనే, ఆ తండ్రి దగ్గరే పెరిగాడు. 1926లో అట్లాంటిక్ దాటి బ్యూనస్ ఎయిర్స్‌దాకా విమానం నడిపిన ఆ వీరుడు రాజరికం మీద తిరగబడ్డాడు, ఫ్రీమేసన్ అయ్యాడు, రిపబ్లిక్ పార్లమెంటులో కూర్చున్నాడు. 1936లో అన్న పక్షానికి వచ్చి, 1938లో విమాన ప్రమాదంలో పోయాడు. ఒకే తండ్రి ఇద్దరు కొడుకుల్ని రెండు దిక్కులకు పంపాడంటే, తండ్రిని చూసి కొడుకు రాజకీయం చెప్పే జాతకం పనికిరాదన్నమాట.

అందుకే బాల్యం దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లాలి. ఫ్రాంకోను ముప్పై మూడేళ్లకే జనరల్‌ను చేసింది మొరాకో వలస యుద్ధం. 1936లో రిపబ్లిక్ మీద తిరగబడ్డ ఆయన సేనల్ని మొరాకో నుంచి స్పెయిన్‌కు జలసంధి దాటించినవి హిట్లర్, ముస్సోలినీ పంపిన విమానాలు. ఆ ఏడాది అక్టోబరు 1న బుర్గోస్‌లో అధికారమంతా ఆయన చేతిలో పెట్టింది తోటి సైన్యాధికారులు. ఆ తిరుగుబాటును ధర్మయుద్ధమని దీవించింది చర్చి. వీళ్లెవరికీ నికొలాస్ తండ్రి కాడు. ఇల్లు విడిచిన తండ్రి మీద కసి పెంచుకున్న కొడుకులు ప్రతి దేశంలోనూ ఉంటారు. వాళ్ల కసి ఇంటి గొడవగానే మిగిలిపోతుంది, ఎందుకంటే దాన్ని చట్టం చేసి పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. తప్పంతా ఒక తండ్రి మీద నెట్టేస్తే మనకు హాయిగానే ఉంటుంది. కానీ సంతకాలు పెట్టిన జనరల్స్, దీవించిన బిషప్పులు, విమానాలు పంపిన ప్రభుత్వాలు ఆ హాయి చాటునే తప్పించుకుంటాయి.