జేబులో పట్టే పిస్తోలు



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మామూలుగా పిల్లల చదువులు, పెళ్ళి సంబంధాలు, అత్తాకోడళ్ళ మాటలు, అప్పుల బాధలు ఉంటాయి. ఈ నెల వచ్చిన ఒక ఉత్తరం మాత్రం మమ్మల్ని చాలాసేపు ఆలోచనలో పడవేసింది. కృష్ణా జిల్లాలోని ఒక పల్లె నుండి ఒక తల్లి వ్రాశారు. పేరు వేయవద్దన్నారు.

"అయ్యగారికి వందనాలు. మా పెద్దబ్బాయి టెక్సాస్‌లో పెట్రోలు బంకు, దానితోపాటు సరుకుల దుకాణం నడుపుతున్నాడు. గ్రీన్‌కార్డు వచ్చింది. రాత్రి పదకొండు దాకా కౌంటరులో ఒక్కడే ఉంటాడు. పక్క వీధి దుకాణంలో దొంగలు పడ్డారట. చిన్న పిస్తోలు కొని చొక్కా కింద పెట్టుకుంటానంటున్నాడు. కోడలు వద్దని ఏడుస్తోంది. ఇద్దరు చిన్నపిల్లలు. వ్యాపారం కూడా అంతంతమాత్రమే, వాడికి సరిగా నిద్ర లేదట, మునుపటిలాగా ఆదివారం ఫోను చేయడం లేదు. క్రైస్తవుడు తుపాకి పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే ఏది మంచిదో తెలిసినవారిని అడిగి చెప్పగలరా?"

బైబిలు పాఠశాలలో డిప్లొమా చదివి, పల్లె సంఘాల్లో సైకిలు మీద తిరిగిన మాకు తుపాకుల సంగతి ఏమి తెలుస్తుందని మీరు నవ్వుకోవచ్చు. మేమూ నవ్వుకున్నాము. అయితే 2023 వేసవిలో డల్లాస్ దగ్గరి ఒక తెలుగు సంఘంవారు కూటాలకు పిలిస్తే వెళ్ళాము. మాకు బస ఇచ్చిన సహోదరుడికీ ఇలాంటి దుకాణమే ఉంది. ఆయనకూ ఇదే ఆలోచన వచ్చింది. ఒక శనివారం మమ్మల్ని వెంటబెట్టుకొని తుపాకుల కొట్టుకు తీసుకొని వెళ్ళాడు. అక్కడ చూసినది, విన్నది ఇప్పుడు పనికివస్తున్నది.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలంటే కారణం చూపాలి, పోలీసులు విచారించాలి, అధికారులు ఒప్పుకోవాలి. ఎన్నికలు వస్తే తుపాకిని తీసుకెళ్ళి పోలీసు స్టేషనులో అప్పగించాలి. అమెరికాలో సంగతి వేరు. ఆయుధం కలిగి ఉండటం అక్కడ రాజ్యాంగంలో 1791లో వ్రాసుకున్న హక్కు. ఆ హక్కు ఇంటి బయట కూడా ఉంటుందని 2022లో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుండి, ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, చట్టం నిషేధించని వ్యక్తి లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకోవచ్చు.

"చట్టం నిషేధించని" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మన పిల్లల్లో చాలామంది విద్యార్థి వీసా మీదనో, ఉద్యోగపు వీసా మీదనో ఉంటారు. వారు తుపాకిని గాని, తూటాను గాని దగ్గర పెట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. కొనేటప్పుడు నింపే కాగితంలో అబద్ధం వ్రాస్తే అది మరో నేరం. స్నేహితుడు కొన్నాడని తానూ కొని భవిష్యత్తు పాడుచేసుకునే పిల్లవాడికి ఈ ఒక్క మాట చేరినా చాలు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు. కాబట్టి ఈ తల్లిగారి కుమారుడు కొనవచ్చు.

ఆ కొట్టు మన బెజవాడ బంగారం కొట్టులాగే ఉంది. అద్దాల బల్ల, కింద వెల్వెట్ గుడ్డ, వరుసగా పిస్తోళ్ళు. అమ్మే పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. మా సహోదరుడు వెళ్ళగానే "అన్నిటికంటె చిన్నది చూపించండి" అన్నాడు. చిన్నదైతే చొక్కా కింద కనబడదు, బరువుండదు, భార్య కంట పడదు అని ఆయన లెక్క.

పెద్దాయన రూగర్ ఎల్‌సీపీ అనే పిస్తోలు తీసి బల్లమీద పెట్టాడు. 2008లో వచ్చిన రకం. తూటాలు లేనప్పుడు పావు కిలోకంటె కొంచెమే ఎక్కువ. నిజంగానే ప్యాంటు జేబులో పడుతుంది. తరువాత స్మిత్ అండ్ వెసన్ కంపెనీవారి చిన్న రివాల్వరు పెట్టాడు. 1950 నుండి వస్తున్న కుటుంబంలోనిది, ఐదు తూటాలు, నాలుగు వందల గ్రాములకు కాస్త పైన. మూడవది సిగ్ కంపెనీ పీ365. 2018లో వచ్చింది, మ్యాగజైనులో పది తూటాలు, దాదాపు అర కిలో. "ముందు మూడూ అద్దెకు తీసుకొని పేల్చి చూడు, కొనేది తరువాత మాట్లాడదాం" అన్నాడు. సరుకు అమ్ముకునేవాడు ఆ మాట అనడం మాకు నచ్చింది.

కొట్టు వెనకే పేల్చి చూసే గది ఉంది. అక్కడ మా పాస్‌పోర్టులో సందర్శక వీసా చూసి మా చేతికి మాత్రం తుపాకి ఇవ్వలేదు. ఆ చట్టం మాకూ వర్తిస్తుందన్నమాట. చెవులకు డిప్పలు పెట్టుకొని అద్దం అవతల నిలబడి చూశాము.

ఏడు గజాల దూరంలో, అన్నం విస్తరంత కాగితం. ఎల్‌సీపీతో ఆయన పేల్చిన వాటిలో సగం కాగితానికి తగలనే లేదు. పిడికి రెండు వేళ్ళే పట్టాయి, చిటికెన వేలు గాలిలో ఉంది. పేలినప్పుడల్లా పిస్తోలు ఎగిరి చేతిని కొట్టింది. పెద్దాయన చెప్పిన కారణం మన గోదావరి వారికి బాగా తెలుసు. పెద్ద పడవ మీదనుండి ఒడ్డుకు దూకితే పడవ కదలదు, చిన్న పుట్టి మీదనుండి దూకితే పుట్టి వెనక్కి పోతుంది. తూటా ముందుకు దూకే జోరు ఒకటే అయినప్పుడు, తేలికైన తుపాకి చేతిని ఎక్కువ తంతుంది. ఎల్‌సీపీలో వేసే .380 తూటా, పెద్దదానిలో వేసే 9 మిల్లీమీటర్ల తూటాకంటె జోరు తక్కువది. అయినా తేలికదనం వల్ల అలా తన్నింది. గొట్టం పొట్టిది, గురి చూసే గుర్తులు కూడా చిన్నవి. రివాల్వరులో వెనక్కి లాగవలసిన పైభాగం లేదు, సుత్తి లోపలే ఉండటం వల్ల జేబుగుడ్డకు తగులుకోదు, వాడటం సులువు. కాని మీట చాలా బలంగా నొక్కాలి, నొక్కేసరికి గురి పక్కకు జరిగిపోతుంది. అర కిలోదానితో మాత్రం పదింటిలో ఎనిమిది అరచేయంత చోట పడ్డాయి.

అంటే, జేబులో తేలికగా ఉండేది చేతిలో కష్టపెడుతుంది. పెద్దాయన లెక్క ఇది: నీ బట్టల కింద దాగేవాటిలో నీవు బాగా కాల్చగలిగిన పెద్దది తీసుకో, చిన్నది కాదు. గురి తప్పిన తూటా గాలిలో కరిగిపోదు. దుకాణంలో పాలడబ్బా కోసం వచ్చిన పసిబిడ్డ తల్లి కూడా ఆ వరుసలోనే నిలబడి ఉంటుంది.

ఆడవారికి "చిన్న చేయి కాబట్టి చిన్న తుపాకి" అని అంటగట్టడం అక్కడి కొట్లలో మామూలేనట. చిన్నవాటిలో స్ప్రింగు గట్టిగా ఉండి పైభాగం వెనక్కి లాగడమే కష్టమవుతుంది. అది తేలికగా లాగేటట్టు చేసినవి, స్మిత్ అండ్ వెసన్‌వారి షీల్డ్ ఈజీ వంటివి, 2018 నుండి వస్తున్నాయి. వేళ్ళ కీళ్ళనొప్పులున్నవారు కూడా వాటిని చూడవచ్చు.

ఇక ఒర. తుపాకి మీద డబ్బు పోసి, ఒర దగ్గర పిసినారితనం చేసేవారు ఎక్కువట. మీట పూర్తిగా మూసుకొనేటట్టు గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఒర ఉండాలి. ఆ జేబులో తాళాలు, చిల్లర, సెల్‌ఫోను ఏదీ ఉండకూడదు. చేతిసంచిలో పెట్టుకోవడం మాత్రం మాకు ఏమాత్రం నచ్చలేదు. 2014 చివర ఐడహో రాష్ట్రంలో ఒక దుకాణంలో రెండేళ్ళ పసివాడు తల్లి సంచిలో చేయిపెట్టి, అందులోని పిస్తోలు పేలి, ఆ తల్లి అక్కడికక్కడే చనిపోయింది.

"క్రైస్తవుడు పెట్టుకోవచ్చా" అన్న ప్రశ్నకు దైవజనులలోనే రెండు అభిప్రాయాలున్నాయి. నిర్గమకాండము 22వ అధ్యాయంలో రాత్రి కన్నం వేస్తున్న దొంగను కొడితే చచ్చినప్పుడు ఒక న్యాయం, సూర్యుడు ఉదయించిన తరువాతైతే మరో న్యాయం ఉన్నాయి. ప్రాణభయం వేరు, సొమ్ము మీది కోపం వేరు అని మేము అక్కడ చదువుకుంటాము. టెక్సాస్‌లో 2019 డిసెంబరు 29న వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి చర్చిలో ఒకడు ఆరాధన మధ్యలో లేచి ఇద్దరిని కాల్చి చంపాడు. సంఘ రక్షణకు నిలబడ్డ ఒక సహోదరుడు కొద్ది సెకండ్లలో వాణ్ణి కాల్చి ఆపాడు. ఆ సహోదరుడు పాపమే చేశాడని మేము చెప్పలేము. అయితే ఆయన ఇతరులకు గురి నేర్పిన మనిషి. అదే నిమిషంలో తన తుపాకి తీయబోయిన మరొక సహోదరుడు చనిపోయిన ఇద్దరిలో ఒకడు.

గల్లాలో డబ్బు కోసం మాత్రం తుపాకి వద్దు. డల్లాస్ సహోదరుడు గల్లాలో కొద్ది డాలర్లే ఉంచుతాడు. మిగిలినది ఎప్పటికప్పుడు పనివాడు తెరవలేని ఇనప్పెట్టెలో పడవేస్తాడు. ఆ సంగతి తలుపు మీద పెద్ద అక్షరాలతో వ్రాయించాడు. బయట లైట్లు పెంచాడు, కిటికీలకు అతికించిన ప్రకటనలు పీకించి కౌంటరు రోడ్డుకు కనబడేటట్టు చేశాడు. దొంగ వస్తే ఉన్నది ఇచ్చివేయమని పనివారికి చెప్పాడు. పిస్తోలు ఆ రోజు కొనలేదు. తరువాత కొన్నాడో లేదో మేము అడగలేదు.

ఇంతవరకు వ్రాసి, ఉత్తరం ముగించి సంచిలో పెట్టాము. రాత్రి అమ్మగారు ఆ తల్లి వ్రాసినది మళ్ళీ చదివి, "ఈ వాక్యం చూశారా" అన్నారు. వ్యాపారం అంతంతమాత్రం, నిద్ర లేదు, ఆదివారం ఫోను చేయడం లేదు. మొదటిసారి మేము దాన్ని దాటిపోయాము. తుపాకి గురించి చెప్పాలన్న తొందరలో మా కళ్ళు పిస్తోలు అన్న మాట మీదే నిలిచాయి.

అమెరికాలో 2021వ సంవత్సరంలో తుపాకులవల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవారు. హత్యకు గురైనవారికంటె వీరే ఎక్కువ. ఆ కొట్టులో మేము గడిపిన మూడు గంటల్లో దొంగల మాట వచ్చింది, పాముల మాట కూడా వచ్చింది, ఈ మాట ఎవరి నోటా రాలేదు.

మన పల్లెల్లో దీనికి వేరే రూపం ఉంది. మా సేవలో పురుగుల మందు తాగి పోయినవారిని కొందరిని సమాధి చేశాము. వారిలో ఒక పాతికేళ్ళ కుర్రవాడు, మిరప పంట పోయింది, అన్నదమ్ముల మధ్య మాటా మాటా వచ్చింది, డబ్బా మంచం కిందే ఉంది. అరగంట తరువాత ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఆటోలో మా చేయి పట్టుకొని "బ్రతికించండి అయ్యగారూ" అన్నాడు. చావాలన్న కోరిక అప్పటికే పోయింది. మందుకు అరగంట అయినా ఉంది. పిస్తోలు ఆ అరగంట ఇవ్వదు. చొక్కా కింద ఉన్నది ఆ మనిషిని దొంగ దగ్గరకంటె ముందు అతని చీకటి దగ్గరే కలుసుకుంటుంది.

కాబట్టి అమ్మా, మీ ప్రశ్నకు మా జవాబు మారింది. ఏది మంచిదో పైన వ్రాసినది తీసివేయలేదు, తెలిసినదే కాబట్టి ఉండనిచ్చాము. కాని మీ అబ్బాయి నిద్రపోయే మనిషి అయ్యేదాకా ఏదీ కొనకూడదు. ఇప్పటికే కొని ఉంటే కొన్నాళ్ళు ఇంట్లో లేకుండా చూడాలి. చట్టప్రకారం కలిగి ఉండగల నమ్మకమైన స్నేహితుడి దగ్గర ఉంచవచ్చు, కొన్ని తుపాకుల కొట్లు కూడా దాచిపెడతాయి. తరువాత తెచ్చుకున్నా, ఒంటిమీద లేనప్పుడల్లా ఇనప డబ్బాలో తాళంలో ఉండాలి. తలగడ కింద, కారు అరలో, బీరువా పైన కాదు. పిల్లలు అందుకోలేరని మనం అనుకునే చోటు వారికి ముందే తెలుసు.

మీరు ఫోను చేసినప్పుడు తుపాకి మాట ఎత్తకండి. రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నావు, ఏమి తిన్నావు, అప్పు ఎంత ఉంది అని అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా తిన్నగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడవద్దు, అది పొరపాటు. అక్కడ 988 అనే నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోను చేసి మాట్లాడవచ్చు. మన దగ్గర 14416, తెలుగులో కూడా మాట్లాడతారు, ఆ నంబరు మీకు కూడా.

ఒక చిన్న సంగతి మరచిపోయాము. తుపాకి పెట్టుకునే పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు సంచి అడుగు, కోటు జేబులు దులిపి చూసుకోమనండి. మరచిన ఒక్క తూటా దొరికి మన విమానాశ్రయాల్లో కేసుల్లో చిక్కుకున్నవారున్నారు. మన చట్టంలో లైసెన్సు లేని తూటా కూడా నేరమే.

ఉత్తరంలో మీరు ఇచ్చిన ఊరి పేరు చూసి, ఆ దగ్గరే ఉన్న తెలుగు సంఘ కాపరికి మేము ఫోను చేశాము. మీ పేరు చెప్పలేదు, అబ్బాయి దుకాణం ఏ వీధిలో ఉందో మాత్రం చెప్పాము. గురువారం రాత్రి దుకాణం మూసే వేళకు కాఫీ తాగే నెపంతో వెళ్ళి కూర్చుంటానన్నారు.