పరిశోధన గుమ్మంలో 75 శాతం కాపలా

ఈమధ్య ఒక సదస్సులో ఓ పెద్దమనిషి మైకు పట్టుకుని, "ఆనర్స్ విత్ రీసెర్చ్‌కి 75 శాతం చాలదు, 80 పెట్టాల్సింది. పరిశోధన అందరూ చేసేది కాదు" అన్నారు. హాలంతా చప్పట్లు. కొట్టినవాళ్లలో చాలామంది డిగ్రీ కాలేజీల్లో జువాలజీ, బోటనీ చెప్పేవాళ్లే. ఆయన మాట కన్నా ఆ చప్పట్లకే నాకు ఒళ్లు మండింది.

నిబంధన ఏమిటంటే, 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన చట్రం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లకే నాలుగో ఏట పరిశోధన ప్రాజెక్టు. దానికి 12 క్రెడిట్లు. మిగిలినవాళ్లు ఆ 12 క్రెడిట్లకు ఇంకో మూడు పేపర్లు చదివి మామూలు ఆనర్స్‌తో బయటపడాలి. మూడేళ్లపాటు సొంతంగా ఒక్క ప్రశ్నా వేయని పిల్లవాడికైనా మార్కులుంటే చివర్న ప్రశ్న వేసే అర్హత వస్తుంది. ప్రశ్నలతోనే బతికిన పిల్లకు మార్కులు తగ్గితే ఆ అర్హత రాదు. జీవశాస్త్రానికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

ఆ మార్కులు ఎలా వస్తాయో చప్పట్లు కొట్టినవాళ్లందరికీ తెలుసు. ఉల్లి వేరు కొనల్లో మైటాసిస్ చూసే ప్రాక్టికల్‌నే తీసుకోండి. కణవిభజన రోజంతా ఒకే జోరుగా సాగదు. ఉదయం పూట కోసి ఫిక్సేటివ్‌లో వేసిన కొనల్లో దశలు బాగా దొరుకుతాయి. మన ల్యాబ్ పీరియడ్ చాలాచోట్ల మధ్యాహ్నం భోజనాల తర్వాత. ఎసిటోకార్మిన్ సీసా అడుగంటి ఉంటుంది, మైక్రోస్కోపు ఒకటుంటే విద్యార్థులు పదిమంది. ఆ స్లైడులో కనిపించేవి దాదాపు అన్నీ ఇంటర్‌ఫేజ్ కణాలే. రికార్డులో మాత్రం ప్రోఫేజ్, మెటాఫేజ్, అనాఫేజ్, టీలోఫేజ్ నాలుగూ ఉండాలి. పిల్లలు సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని, పెన్సిల్ చెక్కుకుని, ముచ్చటగా గీస్తారు. మార్కులు పడతాయి. "నాకు విభజన దశలేవీ కనబడలేదు" అని నిజం రాసిన అమ్మాయి రికార్డు మీద ఎర్ర సిరాతో 'రిపీట్' అని పడుతుంది. ఎందుకు కనబడలేదమ్మా అని అడిగేవాళ్లు లేరు. రేపు ఎనిమిదింటికి, పదింటికి, పన్నెండింటికి, రెండింటికి కొనలు కోసి లెక్కపెట్టి చూద్దాం అని ఆ అమ్మాయితో అంటే, అది పరిశోధనే. దానికి కావలసింది ఒక ఉల్లిపాయ, ఒక సీసా రంగు, అడిగే మాస్టారు.

మన రికార్డు పుస్తకం పిల్లలకు మొదట నేర్పేది చూడనిదాన్ని చూసినట్టు రాయడం. ఆరు సెమిస్టర్లు ఆ జల్లెడ పట్టి పైన మిగిలినవాళ్లను పరిశోధకులంటున్నాం. తర్వాత వాళ్ల డిసర్టేషన్లలో పక్కవాళ్ల పేరాలు, పక్కవాళ్ల పట్టికలు దొరికాయని గుండెలు బాదుకుంటున్నాం. వాళ్లకు నేర్పిందెవరు?

కప్పల సంగతీ చెప్పాలి. జువాలజీ ల్యాబుల్లో జంతువుల్ని కోయడం పూర్తిగా ఆపమని యూజీసీ 2014లో చెప్పింది. మంచి పని, నేను దాన్ని సమర్థిస్తాను. కానీ ట్రేలో చచ్చిన కప్ప పోయాక, బతికున్న కప్ప దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లాల్సింది మనం కాదా? తొలకరి పడిన రాత్రి ఊరి చెరువు దగ్గర ఎన్ని రకాల కప్పలు కూస్తున్నాయో, ఏది ముందు మొదలుపెడుతుందో, ఏది గట్టున కూస్తుందో, ఏది నీళ్లలో కూస్తుందో రాసుకురమ్మంటే రైతు బిడ్డ ఎవరైనా రాసుకొస్తాడు. మనం గోడకు చార్టు తగిలించి ఊరుకున్నాం.

75 శాతం అనే మాటలో దాగిన ఇంకో దెబ్బ ఉంది. తెలుగు మీడియంలో ఇంటర్ బైపీసీ చదివి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ మెట్టెక్కిన పిల్ల మొదటి రెండు సెమిస్టర్లు ఇంగ్లీషు పుస్తకంతో కుస్తీ పడుతుంది. అయిదో సెమిస్టరుకి క్లాసులో అందరికన్నా బాగా ఆలోచించే పిల్ల తనే కావచ్చు. కానీ లెక్క ఆరు సెమిస్టర్లకూ కలిపి. మొదట్లో భాష చేసిన గాయం చివరిదాకా వెంటాడుతుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకున్నందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ రాక ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. 1923లో అమెరికా వెళ్లిన ఆయన హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రూపొందించిన ఫాస్ఫరస్ పరీక్ష ఇవాళ్టికీ బయోకెమిస్ట్రీ పాఠం. జయంతికి ఆయన ఫొటోకు దండ వేసే కాలేజీలే ఆయనలాంటి పిల్లవాడిని గుమ్మంలో ఆపేస్తున్నాయి.

కలివికోడి కథ కడప జిల్లా పిల్లలందరికీ చెప్పాలి. 1900 తర్వాత ఎవరికీ కనబడని ఆ పక్షి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల పొదల దగ్గర అది మళ్లీ దొరికింది. వెతికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు. రాత్రిపూట దాన్ని పట్టుకున్నది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ పొదల్లో ఏ చప్పుడు దేనిదో ఆయనకు తెలుసు. సిద్ధవటం, బద్వేలు వైపు నుంచి డిగ్రీకి వచ్చే పిల్లల్లో అలాంటి చూపున్నవాళ్లు ఇవాళా ఉన్నారు. వాళ్లను మనం అడుగుతున్నది మార్కుల మెమో.

ప్రమాణాలు పడిపోతాయంటారు. ఉన్న ప్రమాణమేమిటో పైన చెప్పాను. 75 శాతంతో నేరుగా పీహెచ్‌డీకి పోవచ్చు కాబట్టి వడపోత తప్పదంటారు. పీహెచ్‌డీకి వేరే ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉన్నాయి, అక్కడ వడపోసుకోండి. ఇక ఈ కోర్సు పెట్టాలంటే పీహెచ్‌డీ గైడ్లుగా గుర్తింపున్న శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరుండాలట. గెస్ట్ లెక్చరర్ల మీద నడిచే చిన్న ఊళ్ల కాలేజీల్లో 90 శాతం వచ్చిన పిల్లకూ ఆ తలుపు మూసే ఉంటుంది. ఖాళీలు నింపమని అదే సభలో ఒక్కరూ అడగలేదు.

ఏం చేయాలంటారా? మొదటి సెమిస్టరు నుంచే ప్రతి విద్యార్థికీ ఒక చెట్టో, ఒక కుంటో, ఒక పొలం గట్టో అప్పగించాలి. మూడేళ్లూ దాన్ని చూసి తారీఖులతో రాయాలి, తెలుగులో రాసినా సరే. నాలుగో ఏటి ప్రాజెక్టు ఆ నోటుపుస్తకం చూసి ఇవ్వాలి. దానికి మార్కులెలా వేయాలో, గైడ్లెక్కడ దొరుకుతారో కూర్చుని తేల్చుకోవచ్చు. 75 శాతం తీసేయాలంటే యూజీసీ కదలాలి, నిజమే. ప్రాక్టికల్స్ ఎలా జరగాలన్నది మాత్రం చాలావరకు బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలోనే ఉంది. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో కొందరు ఆ బోర్డుల్లో సభ్యులు. వచ్చే సమావేశంలో రికార్డు మార్కులు ఎత్తేసే ప్రతిపాదన పెట్టండి. మైటాసిస్ ప్రాక్టికల్‌ను ఉదయం మొదటి పీరియడ్‌కు మార్చండి. కనబడనిది కనబడలేదని రాసిన పిల్లకు పూర్తి మార్కులివ్వండి.