తాతలనాటి తుపాకి, కుందేటి వేట

పండుగలకు నలుగురు కలిసినచోట వేట ముచ్చట రాకమానదు. బళ్లారి, కోలారు, హోసూరు మెట్టభూములలోను, పర్లాకిమిడి, రాయగడ కొండవాలులలోను తరతరములుగా సేద్యము చేసికొనుచున్న మన తెలుగువారికి కుందేటి వేట తెలియనిది కాదు. ఏ తుపాకి మంచిది, కుందేలు ఎక్కడ దొరకును అని కుర్రవారు అడిగినచో పెద్దలు ఉత్సాహముతో చెప్పుదురు. కాని వారు చెప్పునది సగమే. మిగిలిన సగము చెప్పకుండుట పిల్లలకు అపకారము చేయుటయే యని నా అభిప్రాయము.

మొదట చెప్పుచున్న సగమును చూతము. చిన్న వేటకు సన్నని సీసపు గుండ్లను చిమ్ము నునుపు గొట్టపు తుపాకియే తగినది. రైఫిలు తగదు, దాని గుండు పొలములు దాటి మైలు దూరమున నున్న మనిషికిని తగులవచ్చును. 12 బోరు అనగా ఆ గొట్టమునకు సరిపోవు సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌను తూగునని అర్థము. సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగును. కనుకనే 20 బోరు తుపాకి సాధారణముగా తేలికగా నుండును. కుందేటికి 5, 6 నంబరు తూటాలు చాలును. 35 గజములు మించి కాల్చినచో అది గాయపడి పొదలలో చచ్చునే గాని చేతికి రాదు.

ఇక కుందేటి సంగతి. మన చేలలోని కుందేలు పెంపుడు సీమకుందేలువలె బొరియ త్రవ్వదు. పొద మొదట తన ఒళ్లు పట్టునంత పల్లము చేసికొని పగలంతయు అందు కదలక పడియుండును. ప్రొద్దు వాలిన తరువాత వేరుసెనగ, ఉలవ చేలలోనికి మేతకు దిగును. గుండ్రని పొడి పెంటికలు, ఏటవాలుగా కత్తిరించినట్లున్న లేత కొమ్మలు దాని జాడలు. కాలు మీద పడబోవువరకు లేవదు.

ఇది విలువైన విద్యయే. అయితే చెప్పని సగము వినుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వెలువడినప్పుడు కుందేలు చిన్న వేటజంతువుల పట్టికలో నుండెను. లైసెన్సుతో వేటాడుటకు వీలుండెను. 1991 సవరణతో ఆ లైసెన్సుల పద్ధతియే పోయినది. నాటినుండి కుందేటిని కాల్చుటయే గాక, వలపన్ని పట్టుటయు, అందుకు ప్రయత్నించుటయు నేరమే. “మా తాతలు చేసినారు” అను మాట కోర్టులో నిలువదు. పంటకు నష్టము కలిగినచో అటవీ అధికారులకు అర్జీ పెట్టుకొనుటకు చట్టములో దారి కలదు. వ్రాతమూలకమైన అనుమతి లేనిదే తుపాకి ఎత్తరాదు.

తుపాకికి వేరొక చట్టము కలదు, అది 1959 నాటిది. లైసెన్సు మనిషికే గాని ఇంటికి కాదు. తండ్రి గతించినచో అతని లైసెన్సు కుమారునికి సంక్రమింపదు. తుపాకిని ఠాణాలోగాని, లైసెన్సుగల వ్యాపారివద్దగాని అప్పగించి, తన పేర అర్జీ పెట్టుకొనవలెను. ఊరక అటకమీద నుంచినచో అది లైసెన్సులేని ఆయుధమే యగును. 2019 సవరణ ప్రకారము అందుకు రెండేండ్లకు తగ్గని, అయిదేండ్ల వరకు ఖైదు విధింపవచ్చును. ఒక రాష్ట్రమునకు మాత్రమే చెల్లు లైసెన్సుతో సరిహద్దు దాటి బావమరిది ఊరికి తుపాకి కొనిపోవుటయు తప్పే. చుట్టరికములు సరిహద్దుకు రెండువైపుల నున్న మనవంటివారు దీనిని ముఖ్యముగా గుర్తింపవలెను.

నాలుగు కుందేళ్లు పోయినంతమాత్రమున కొంప మునిగినదా యని కొందరు అడుగుదురు. పొదలుండిన బీళ్లు ఇండ్లస్థలములుగా మారుచున్న కాలమిది. కుందేటికి తావే తరిగిపోవుచున్నది. మరియు 12 బోరు తుపాకి కొనగలవాడు ఆకలికి వేటాడుచున్నాడనుట నమ్మదగిన మాట కాదు.

కనుక మన సంఘశాఖలు రెండు పనులు చేయవలెను. తుపాకులున్న కుటుంబముల లైసెన్సు గడువులను విచారించి, కన్నడమునగాని, తమిళమునగాని, ఒడియాలోగాని వచ్చిన నోటీసులను చదువలేనివారికి చదివి చెప్పవలెను. గురిమీద సరదాగల యువకులను లైసెన్సుగల క్రీడాసంఘముల దారి పట్టింపవలెను. ఎగురవైచిన మట్టిబిళ్లలను కాల్చు క్రీడయందే రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ 2004 ఏథెన్సు ఒలింపిక్సులో మన దేశమునకు రజత పతకము తెచ్చెను. కుందేటి జాడలు తెలిసిన పెద్దలు సాయంకాలమున పిల్లలను చేనిగట్టుకు కొనిపోయి చూపుటకు మాత్రము ఏ లైసెన్సును అక్కరలేదు. పెద్దలు ఆలోచింతురుగాక.