నిదానమే ప్రధానము

వైద్యశాస్త్రమున రోగకారణమును కనుగొనుటకు నిదానమని పేరు. వాడుకలో ఆ మాటకే తొందరపడకుండుట యని యర్థము. గృహిణికి ఈ రెండును వలయును. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు నాలుక చూచి, కడుపు తడిమి, ఏమి తిన్నాడో విచారించి, పిమ్మట వైద్యుని పిలుచు ఇల్లాలు, ఇంటి కారు కదలనప్పుడు మాత్రము “అది మగవారి పని” యని వెనుక సీటులో కూర్చుండిపోవుట మాకు సమంజసముగ తోచదు.

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై సూర్యాపేట, కోదాడ గలవు. మిర్యాలగూడ ఆ దారికి దక్షిణమున నున్నది. ఈ ప్రాంతపు ఇండ్లలో పాత బండ్లు నేటికిని కొన్ని తిరుగుచున్నవి. అంబాసిడరు, మారుతి 800 — ఈ రెండింటి తయారీయు 2014లోనే నిలిచిపోయినది. నెలలు నిండిన కూతును ఆస్పత్రికి తీసికొనిపోవు వేళ అట్టి బండి మొరాయించినచో, కారణము నెరిగిన తల్లికిని, ఎరుగని తల్లికిని ఎంత భేదమో సోదరీమణులే యూహింపగలరు.

దారిలో బండి ఆగినచో ముందుగా దానిని రోడ్డు అంచునకు చేర్చి, గేరు విడిపించి, చేతిబ్రేకు లాగి, నాలుగు మూలల దీపములను వెలిగింపవలయును. పెద్ద రహదారియైనచో పిల్లలను దింపి దూరముగ నిలుపవలయును. పిమ్మట తాళముచెవి త్రిప్పి, చెవియొగ్గి వినుడు. బండి తన వ్యాధిని తానే చెప్పును.

చప్పుడే లేకున్నను, “టకటక” మని మాత్రమే కొట్టుకొన్నను, దీపములు మసకబారినను, దోషము తరచుగ బ్యాటరీది. దురాజుపల్లి పెద్దగట్టు జాతరకు పోయి, బండి నాపి, గంటలకొలది పాటలు పెట్టుకొన్నచో బ్యాటరీ వట్టిపోవును. పిల్లలు పరదేశమున నుండుటచే వారములకొలది కదలని బండికిని ఇదే గతి. మంచి బ్యాటరీ విశ్రాంతిగా నున్నప్పుడు 12.6 వోల్టులు చూపును. 12 కంటె తగ్గినచో అది దాదాపు ఖాళీయైనట్లే. అయినను క్రొత్తది కొనుటకు ముందు దాని రెండు కొనలను చూడుడు. తెల్లని లేక పచ్చని పొడి పేరుకొన్నను, పట్టీ వదులైనను విద్యుత్తు పారదు. పొడిని తుడిచి పట్టీని బిగించినంతనే బయలుదేరిన బండ్లెన్నియో గలవు. బ్యాటరీ చెంత అగ్గిపుల్ల గీయరాదు. దానినుండి మండు వాయువు వెలువడును.

దీపములు బాగుగ వెలుగుచు, ఒక్క “టక్” మను చప్పుడుతో ఆగినచో, జనులు సెల్ఫు అనెడి స్టార్టరును అనుమానింపవలయును.

ఇంజను చక్కగ తిరిగియు అందుకొననిచో పెట్రోలైనను, నిప్పురవ్వయైనను లోపించినది. పెట్రోలు వాసన గాఢముగ నున్నచో, పదే పదే తొక్కుటచే అది అధికమైనదేమో చూడవలయును. పది నిమిషములాగి, పెడలు పూర్తిగ నొక్కి సెల్ఫు త్రిప్పిచూడుడు. వాసనయే లేకున్నచో పెట్రోలు అందుట లేదేమో యని విచారింపుడు. కార్బురేటరు గల పాత బండ్లలో వేసవి ఎండకు పంపులోని పెట్రోలు ఆవిరియై దారి నడ్డగించును. అనుభవజ్ఞులైన డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ కప్పి, చల్లారువరకు వేచియుందురు. ఇంజెక్షను పద్ధతి బండ్లలో తాళము త్రిప్పినంతనే క్షణకాలము సన్నని మ్రోత వినవచ్చును. అది వినరానిచో పంపునో, ఫ్యూజునో పరీక్షింపవలయును. ధాన్యమున్న చోట ఎలుకలుండును గనుక, మిల్లుల ఊరైన మిర్యాలగూడలో కొరికిన తీగెలకై బానెట్టు క్రింద చూచుటయు మంచిదే.

ఇంజను మునుపటికంటె తేలికగ, వేగముగ తిరిగినచో లోపలి టైమింగు బెల్టు తెగియుండవచ్చును. ఇక సెల్ఫు ముట్టరాదు. మరల త్రిప్పినచో కొన్ని ఇంజనులలో నష్టము పెరుగును. ఏ సందర్భమునను సెల్ఫును పది సెకండ్లకు మించి యొకేసారి త్రిప్పక, నడుమ అరనిమిషము విశ్రాంతి నియ్యవలయును. లేనిచో మిగిలిన బ్యాటరీ బలమును హరించును.

ఇంతయు తెలిసికొన్నది మెకానిక్కును మానిపించుటకు గాదు. “బండి చెడిపోయినది” అనుటకును, “ఇంజను తిరుగుచున్నది, పెట్రోలు వాసన లేదు” అనుటకును చాల వ్యత్యాసము. రెండవ మాట విన్న పనివాడు తగిన సామగ్రితో వచ్చును. అక్కరలేని వస్తువును అంటగట్టుటకును జంకును. క్రొత్త వస్తువు వేయుటకు ముందు పాతది చెడినట్లు చూపుమని అడుగుట అవమానము గాదు, ఇంటి ధనమును కాపాడుట.

కావున సోదరీమణులు ఒక సెలవుదినమున ఇంటిముంగిట బానెట్టు ఎత్తించి, బ్యాటరీ ఏదో, పంపు ఏదో, ఫ్యూజుల పెట్టె ఎక్కడనో కన్నకూతుండ్రతో కూడి చూచి తెలిసికొందురుగాక. ఆపదలో పనికివచ్చు విద్యను తీరిక వేళనే నేర్చుకొనవలయును.