‘పోయిన జన్మలో నేను..’ అని పిల్లలు అంటే?

మీ ఫోన్‌కూ ఇలాంటి వీడియో వచ్చే ఉంటుంది. నాలుగేళ్ల బాబో, పాపో కుర్చీలో కూర్చుని ఉంటారు. ముందు మైకు. ‘పోయిన జన్మలో నీ పేరేంటి? ఏ ఊరు? ఎలా చనిపోయావు?’ అని చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటారు. పిల్లలు ఏదో చెబుతారు. లక్షల మంది చూస్తారు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ‘మన పెద్దలు ఊరికే చెప్పలేదు’ అని ఒకరు, ‘అంతా నాటకం’ అని ఇంకొకరు రెండు రోజులు వాదించుకుంటారు. మూడో రోజుకు కొత్త వీడియో వస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్న బిడ్డ ఏమయ్యాడో ఎవరూ అడగరు. వైద్యుడిగా నాకు కావాల్సింది ఆ సంగతే.

నేను చేసిన పొరపాటు

షుగర్ చూపించుకోవడానికి మా ఓపీకి క్రమం తప్పకుండా వచ్చే ఒక పెద్దావిడ ఉంది. ఓసారి నాలుగేళ్ల మనవణ్ని వెంటబెట్టుకొచ్చింది. ‘‘సారూ, మా చిన్నోడే మళ్ల పుట్టిండు’’ అంది. ఆవిడ చిన్న కొడుకు లారీ ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత రెండేళ్లకు కూతురికి ఈ బాబు పుట్టాడు. ‘‘నాకు ఇంకో ఇల్లుండె. ఆడ బర్రెలుండె. నన్ను లారీ గుద్దింది’’ అంటున్నాడట. అమ్మమ్మను ‘అమ్మా’ అని పిలుస్తున్నాడట.

ఆ రోజు నూట యాభై మంది క్యూలో ఉన్నారు. ‘‘ఇవన్నీ మూఢనమ్మకాలమ్మా, పట్టించుకోకు’’ అని మందులు రాసి పంపేశాను. రెండు నెలలు ఆవిడ ఆస్పత్రి ముఖం చూడలేదు. తిరిగి వచ్చేసరికి షుగర్ 380. ఈసారి కూతురు కూడా వచ్చింది. ఇంటికి చుట్టాలు, పక్క ఊరివాళ్లు వచ్చిపోతున్నారని, ఎవరో వీడియో కూడా తీశారని చెప్పింది. బాబు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. చివరికి ఆ తల్లి అన్న మాట నేను మరిచిపోలేను. ‘‘వాడు నా కొడుకు సార్, నా తమ్ముడు కాదు’’ అంది.

కూర్చోబెట్టి అడిగితే అప్పుడు తెలిసింది. హాల్లో దండ వేసిన ఫొటో ఉంది. ఏటా సంవత్సరీకంలో లారీ ప్రస్తావన, అమ్ముకున్న బర్రెల ప్రస్తావన వస్తుంది. పిల్లాడు ఆడుకుంటూ అన్నీ విన్నాడు. ఎవరూ వాడికి నేర్పలేదు, ఎవరూ అబద్ధం ఆడలేదు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఈ విషయాన్ని శాస్త్రవేత్తలు అసలు పట్టించుకోలేదనడం సరికాదు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్సన్ 1960ల నుంచి 2007లో మరణించేదాకా ఇదే పని మీద ఉన్నారు. ఆయన బృందం దాదాపు 2,500 కేసులు సేకరించింది. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన మనస్తత్వవేత్త సత్వంత్ పస్రీచా ఎన్నో కేసులు పరిశీలించారు. వాటిలో కొన్ని పోలికలు కనిపించాయి. పిల్లలు సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఈ మాటలు మొదలుపెడతారు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి చాలామంది మానేస్తారు. ఎక్కువ కథల్లో ప్రమాదమో, హత్యో ఉంటుంది.

అయితే స్టీవెన్సన్ కూడా పునర్జన్మ రుజువైందని అనలేదు. 1966లో వచ్చిన తన పుస్తకం పేరులోనే ఇవి పునర్జన్మను ‘సూచించే’ కేసులని జాగ్రత్తగా పెట్టుకున్నారు. ఆయన విమర్శకులు చూపిన లోపం కూడా తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. చాలా కేసుల్లో పరిశోధకులు వెళ్లేసరికే రెండు కుటుంబాలూ కలుసుకుని మాట్లాడుకున్నాయి. బిడ్డ మొదట ఏమన్నాడో, పెద్దలు తర్వాత ఏం కలిపారో విడదీయడం అప్పటికి కుదరదు. బిడ్డ మాటల్ని ముందే కాగితం మీద పెట్టి తర్వాత సరిచూసిన కేసులు చాలా తక్కువ.

ఇంకో విషయం గమనించండి. మన దేశంలో నమోదైన కేసుల్లో ఎక్కువ భాగం ఉత్తరాదివే. దక్షిణాదిలో చాలా తక్కువ. పునర్జన్మ మీద నమ్మకం మనకూ ఉంది. ‘మూగమనసులు’ నుంచి ‘మగధీర’ దాకా ఆ కథల్ని మనమూ ఆదరించాం. కానీ పసివాడి నోట ఒక మాట వస్తే దాన్ని జన్మాంతర జ్ఞాపకంగా గుర్తించి ఊరూవాడా చెప్పుకునే అలవాటు అన్నిచోట్లా ఒకేలా లేదు. పిల్లల మాట ఏ దారి పడుతుందో చాలావరకు వినేవాళ్ల మీదే ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

జ్ఞాపకం ఎలా తయారవుతుంది?

మీ మొట్టమొదటి జ్ఞాపకం ఏమిటో ఆలోచించండి. మనలో చాలామందికి మూడు, మూడున్నరేళ్ల కంటే వెనకటిది గుర్తుండదు. ఆ వయసులో మెదడు జ్ఞాపకాలను దాచుకోవడం ఇంకా నేర్చుకుంటోంది. చూసింది, విన్నది, కలలో వచ్చింది, ఊహించుకుంది.. వీటి మధ్య గీత అప్పటికి పలచగానే ఉంటుంది.

1994లో అమెరికాలో స్టీఫెన్ సెసీ బృందం బడికి వెళ్లని వయసు పిల్లలపై ఒక అధ్యయనం చేసింది. ‘నీ వేలు ఎలకల బోనులో పడితే ఆస్పత్రికి తీసుకెళ్లారు, గుర్తుందా?’ వంటి, అసలు జరగని సంగతులను కొన్ని వారాల పాటు మళ్లీమళ్లీ అడిగారు. చివరికి సగానికి పైగా పిల్లలు కనీసం ఒక్క జరగని సంఘటననైనా జరిగినట్టు వివరాలతో సహా చెప్పారు. వాళ్లు అబద్ధాలకోర్లు కాదు. అడిగేకొద్దీ ఆ బొమ్మ వాళ్ల మనసులో గట్టిపడింది. మైకు పట్టుకుని పదిమంది అడిగినా జరిగేది అదే.

పుట్టుమచ్చల సంగతీ చెప్పాలి. ‘దెబ్బ తగిలిన చోటే మచ్చ’ అని ఇళ్లలో అనుకోవడం వింటుంటాం. మన పిల్లల్లో చాలామందికి నడుము కింద నీలిరంగు మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. అవి మామూలే. కొన్నేళ్లలో వాటంతటవే పలచబడతాయి.

శాంతిదేవి కథ మనకు చెప్పేది

1926లో ఢిల్లీలో పుట్టిన శాంతిదేవి, మథురలో లుగ్దీ అనే గృహిణిగా బతికానని నాలుగేళ్ల ప్రాయంలో చెప్పడం మొదలుపెట్టింది. గాంధీజీ చొరవతో ఒక కమిటీ ఏర్పడింది. 1935లో ఆ అమ్మాయిని మథురకు తీసుకెళ్లారు. కమిటీ నమ్మింది, మరికొందరు తప్పుపట్టారు. ఆ వాదన నేటికీ తెగలేదు. శాంతిదేవి మాత్రం పెళ్లి చేసుకోలేదు. 1987లో చనిపోయేదాకా పరిశోధకులు, పత్రికలవాళ్లు ఆమెను అవే ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. బాల్యంలో పడ్డ ముద్ర అరవై ఏళ్లు వదల్లేదు. అప్పుడు పత్రికలే. ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోను పూర్తిగా తీసేయడం ఎవరి వల్లా కాదు.

అసలు ప్రమాదం ఇదీ

‘ఒక మామ నా గొంతు పిసికాడు’ అని బిడ్డ అంటే, అది పోయిన జన్మ అనుకుని ఊరుకుంటే? అది ఈ జన్మలో, ఈ వారంలో, పక్కింట్లో జరిగి ఉండొచ్చు. పిల్లలకు నిన్న, మొన్న అనే తేడా సరిగా తెలియదు. ఎవరైనా కొట్టారని, ఎక్కడైనా ముట్టుకున్నారని బిడ్డ అంటే ముందు దాన్ని నేటి సంగతిగానే తీసుకోండి. లైంగిక వేధింపు అని అనుమానం వస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. చైల్డ్‌లైన్ 1098కీ ఫోన్ చేయొచ్చు.

మాట్లాడుతూ ఉన్నట్టుండి చూపు నిలిచిపోవడం, పిలిచినా పలకకపోవడం, పెదాలు చప్పరించడం ఉంటే అది ఒక రకం ఫిట్స్ కావొచ్చు. పిల్లల వైద్యుడికి చూపించి, అవసరమైతే ఈఈజీ తీయించాలి. నిద్ర పట్టకపోవడం, వచ్చిన మాటలు, అలవాట్లు వెనక్కి పోవడం, ‘నేను అక్కడికి వెళ్లిపోతా’ అని బయటికి పరుగెత్తడం ఉన్నా ఆలస్యం చేయొద్దు. జిల్లా ఆస్పత్రుల్లోని డీఈఐసీ కేంద్రాల్లో పిల్లల ఎదుగుదలను ఉచితంగా చూస్తారు. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా దొరుకుతుంది.

ఇవేవీ లేకుండా బిడ్డ హాయిగా తిని, ఆడుకుని, మధ్యలో ఇలాంటి మాట అంటే కంగారు పడక్కర్లేదు.

ఇంట్లో ఇలా చేయండి

* బిడ్డ చెప్పింది వినండి. ‘ఓహో, అలాగా’ అనండి చాలు. తిట్టొద్దు, ఎగతాళి చేయొద్దు.
* పేరేంటి, ఊరేంటి అని గుచ్చి అడగొద్దు. బంధువుల ముందు మళ్లీ చెప్పించొద్దు.
* బిడ్డ అన్న మాటను అన్నట్టుగా, తేదీతో రాసి పెట్టుకోండి. డాక్టరుకు అది ఉపయోగపడుతుంది.
* వీడియో తీయొద్దు, తీయనివ్వొద్దు.
* ‘చెప్పిన ఊరికి’ తీసుకెళ్లొద్దు. కొడుకును పోగొట్టుకున్న ఆ ఇంటి గాయాన్ని కూడా రేపినవాళ్లవుతారు.
* పోయినవారి పేరు పెట్టుకున్నా, బిడ్డను వారి పోలికలతో కొలవొద్దు.

పునర్జన్మ ఉందా లేదా అన్నది మీ నమ్మకం. దానితో నాకు తగాదా లేదు. ఉందని నమ్మేవారైనా సరే, ఈ జన్మలో బిడ్డకు ఒకే బాల్యం ఉందని ఒప్పుకుంటారు కదా.

మా ఓపీకి వచ్చిన ఆ ఇంట్లో అందరూ అడగడం మానేశారు. ఆ తల్లి ఫొటోను హాల్లోంచి తీసి అమ్మమ్మ గదిలో పెట్టింది. మూడు నెలల్లో బాబు నిద్ర కుదుటపడింది. అసలు చికిత్స అవసరమైంది పెద్దావిడకు. కొడుకు పోయి ఆరేళ్లయినా ఆవిడ ఎవరి దగ్గరా మనసు విప్పి ఏడవలేదు. మా సైకియాట్రీ ఓపీకి పంపాం. ఇప్పుడు నెలనెలా వస్తోంది, షుగర్ అదుపులో ఉంది. పోయినసారి మనవడూ వచ్చాడు. బర్రెల సంగతి ఎత్తలేదు. నా స్టెతస్కోప్ చెవుల్లో పెట్టుకుని వాళ్లమ్మ గుండె చప్పుడు విన్నాడు.