బేస్‌బాల్ క్రీడాకారుల స్థానచలనము

క్రీడను జూచువారు ఆటగాని దెబ్బను, పరుగును మెచ్చుకొందురు. అతడు నేడీ జట్టున, రేపు వేరొక జట్టున నేల యాడవలసివచ్చెనో విచారించువా రరుదు. అమెరికా దేశమున బేస్‌బాల్ వేడుక మాత్రమే గాదు, పెక్కుమందికి జీవనోపాధి. కావున దాని నియమములు విద్యార్థులకు విచారింపదగినవని మేము తలంచుచున్నాము.

అచ్చటి యుత్తమశ్రేణియందు 30 జట్లు గలవు. ఒక్కొక్క జట్టున ఆటకు సిద్ధముగ నుండువారు సాధారణముగ 26 మంది; వారితో గూడ పట్టికకెక్కినవారు 40 మంది వరకు నుందురు. 2021వ సంవత్సరపు మార్పులనుండి ప్రతి జట్టు క్రిందను నాలుగు తరగతుల చిన్నజట్లు గలవు. ఇవి మన పాఠశాలయందలి తరగతులను బోలినవే. అయితే మన బాలుడు పై తరగతికి బోయిన మరల క్రిందికి రాడు. అచ్చట నేడు పైకి వచ్చినవాడు కొలదిదినములలోనే దిగిపోవచ్చును. ఒకనికి గాయము తగిలిన వేరొకడు పైకి బోవును. అతడు కోలుకొనిన రెండవవాడు క్రిందికి రావలయును.

ఈ యధికారమునకు మేర లేకున్న నది దాస్యమే యగును. కావున హద్దు లేర్పడినవి. పట్టికయందలి వానిని సాధారణముగ మూడు సంవత్సరములయందు మాత్రమే స్వేచ్ఛగ క్రిందికి బంపవచ్చును. 2022 నుండి యొక యేట నైదు మారులకు మించి పంపరాదు. ఆ గడువు దీరినచో ముందుగ నితర జట్లవారికి దెలుపవలయును. కోరినవారు వానిని దీసికొందురు. పైశ్రేణియందు అయిదేండ్లు నిండినవానిని వాని సమ్మతి లేక పంపరాదు.

చిన్నజట్లయందు మరుగుపడినవారిని రుసుము చెల్లించి యితరు లెన్నుకొను పద్ధతియు గలదు. 1954లో బ్రూక్లిన్ వారు పోర్టోరికో యువకుడగు రాబర్టో క్లెమెంటీని మాంట్రియల్ చిన్నజట్టున నుంచి యరుదుగ నాడించిరి. ఆ యేటి చివర పిట్స్‌బర్గ్ వా రీ పద్ధతిచేతనే యతనిని గైకొనిరి. 1972 నాటి కతడు 3,000 సఫలమైన దెబ్బలు గొట్టి క్రీడాచరిత్రయందు నిలిచెను.

శిక్షణ నిచ్చి పోషించు యజమానికి హక్కు గలదని కొందరందురు. నిజమే, కాని యా హక్కు కొంతకాలమునకే గాని యెల్లకాలమునకు గాదు. తన్నడుగక ఫిలడెల్ఫియాకు మార్చిరని 1969లో కర్ట్ ఫ్లడ్ ఎదిరించెను. 1972లో సర్వోన్నత న్యాయస్థానమున నోడిపోయెను. అయినను 1975లో మధ్యవర్తి తీర్పుచే నా పాత కట్టు సడలెను. నేటికిని వ్యత్యాసము మిక్కుటము. 2023లో పైశ్రేణి కనీస జీతము 7,20,000 డాలర్లు. దాని క్రింది తరగతికి, ఆటగాండ్ర సంఘము కుదుర్చుకొన్న నూతన యొడంబడిక పిమ్మటను, 35,800 డాలర్లే. ఒక్క మెట్టున కింత యంతరము తగదని మా యభిప్రాయము.

విద్యార్థులారా! క్రింది స్థానమున నుండి నేర్చుకొనుట యవమానము గాదు. నేర్చినవానిని మేర లేక క్రిందనే యణచి యుంచుటయే యన్యాయము. ఇతరులపై నధికారము గల పెద్దలును తమ యధికారమునకు గడువు నేర్పరచుకొందురు గాక!